ఎరువు ఎక్కువై పస్తులున్న మొక్కలు: ఒక మిద్దెతోట కేస్ స్టడీ

ఇంటి తోటలకు సలహాలిచ్చే పనిలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఇంకేం వెయ్యమంటారు?" ఆకు పసుపెక్కితే ఏం వెయ్యాలి, పూత రాలితే ఏం వెయ్యాలి, కాయ కుళ్లితే ఏం వెయ్యాలి. ఈ కేసులో తోట పెంచుతున్న ఆవిడ కూడా అదే అడిగారు. ఆవిడ శ్రద్ధలో ఏ లోటూ లేదు. చదివి, తెలుసుకుని, మోతాదు కొలిచి మరీ వేశారు. అయినా మొక్కలు పంట పంటకూ క్షీణించాయి. అంత శ్రద్ధ పెట్టిన చోట కూడా తోట ఎందుకు దెబ్బతిందో తేల్చుకోవడం నాకు చాలా నేర్పింది, అందుకే వివరంగా రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. రాయడానికి ఆవిడ అనుమతి ఉంది.

నేపథ్యం

మిద్దె మీద ముప్పై దాకా గ్రో బ్యాగులు, కొన్ని ప్లాస్టిక్ కుండీలు, ఒక డ్రమ్ములో నిమ్మ చెట్టు. టమాటా ముఖ్య పంట. దాంతోపాటు మిరప, వంగ, బీన్స్. టమాటా బ్యాగులు 20 లీటర్లవి. మట్టి మిశ్రమంలో సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), సగానికి కొంచెం తక్కువ వర్మీకంపోస్టు, మిగిలింది ఎర్రమట్టి. మొదటి ఏడు కాపు విరగకాసింది. రెండో ఏడు ఫర్వాలేదు. నన్ను పిలిచింది మూడో ఏడు. అదే మిశ్రమాన్ని మార్చకుండా వాడుతున్నారు, ప్రతి పంటకు ముందు పైన మరికొంత వర్మీకంపోస్టు కలుపుతున్నారు.

నీళ్ల సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి, కేసంతా దాని మీదే ఆధారపడింది. వాడేది బోరు నీళ్లు, సబ్బు నురగ సరిగా రానంత గట్టి నీళ్లు. కింది గదిలో స్లాబు చెమ్మ పట్టిందని ఇంట్లో గొడవ అయ్యాక, ఆవిడ ప్రతి బ్యాగు కింద పళ్లెం పెట్టారు. నీళ్లు కింద కారకుండా మగ్గుతో కొద్దికొద్దిగా పోసేవారు. ఎప్పుడైనా పళ్లెంలోకి దిగితే ఆ నీళ్లు వృథా చేయడం ఇష్టంలేక మళ్లీ అదే బ్యాగులో పోసేవారు. పొదుపు, శుభ్రత రెండూ ఉన్న మంచి అలవాటులా కనిపిస్తుంది. కానీ మూడేళ్లుగా ఆ బ్యాగుల్లోకి వెళ్లిన ఏ లవణమూ బయటికి రాలేదు.

ఆవిడకు ఒక నోటుపుస్తకం ఉంది. ఏ రోజు ఏ బ్యాగుకు ఏం వేశారో రాసుకున్నారు. అది లేకపోతే ఈ కేసు నాకు సగమే అర్థమయ్యేది.

ఎదురైన సమస్య

టమాటా కాయలు పిందె దశ దాటుతుండగానే అడుగున నల్లటి, తోలులాంటి మచ్చ వచ్చి కుళ్లిపోతున్నాయి. కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పసుపెక్కింది. ముదురాకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. మిరప పూత రాలుతోంది. బీన్స్ మొలిచిన కొద్ది రోజులకే ఆకు మాడి ఎదుగుదల ఆగిపోతోంది. మిట్టమధ్యాహ్నం మొక్కలు తలలు వాల్చేస్తున్నాయి, వేలు పెట్టి చూస్తే మట్టి మాత్రం తడిగానే ఉంది.

"పోషకాలు చాలడం లేదండీ. వారం వారం ఇస్తున్నా ఇలా ఉంది, ఆపితే ఇంకేమైపోతాయో," అన్నారావిడ.

అప్పటిదాకా చేసినవి

నోటుపుస్తకం ప్రకారం టమాటాకు వారానికోసారి 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కొక్కటీ 19 శాతం) నీటిలో కరిగే ఎరువు, లీటరుకు 5 గ్రాముల చొప్పున బ్యాగుకు ఒక లీటరు. పదిహేను రోజులకోసారి నానబెట్టి పులియబెట్టిన వేరుశనగ చెక్క నీళ్లు. నాటేటప్పుడు గుప్పెడు వేపపిండి, పది గ్రాముల డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్). నెలకోసారి పైన వర్మీకంపోస్టు. ఆకు పసుపెక్కినప్పటి నుంచి ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేటు). కాయ కుళ్లు మొదలయ్యాక కోడిగుడ్డు పెంకుల పొడి, కాల్షియం పిచికారీ. మధ్యమధ్యలో అరటితొక్క నానబెట్టిన నీళ్లు.

ఒక్కొక్కటీ విడిగా చూస్తే వేయడానికి కారణం ఉంది. ఎక్కడో ఎవరో ఫలితం వచ్చిందని చెప్పిందే వేశారు. నేను మొదట చేసిన పని వాటన్నిటినీ ఒకే కాగితం మీద కూడటం.

టమాటా టన్ను కాయ ఇవ్వడానికి సుమారుగా రెండున్నర నుంచి మూడు కిలోల నత్రజని తీసుకుంటుంది. భాస్వరం, ఎరువుల సంచి మీద రాసే ఆక్సైడు లెక్కలో, కిలోకు అటూఇటూ చాలు. పొటాష్ మాత్రం నత్రజని కన్నా ఎక్కువే కావాలి. దీన్ని ఒక బ్యాగుకు కుదిస్తే, మూడు కిలోల కాయ ఇచ్చే మొక్కకు మొత్తం పంటకాలంలో 8, 9 గ్రాముల నత్రజని, మూడు గ్రాముల లోపు భాస్వరం సరిపోతాయి. వారానికి 5 గ్రాముల 19-19-19 అంటే ఒక్కో పోషకం 0.95 గ్రాము. పద్నాలుగు వారాల పంటకు అది 13 గ్రాములు దాటుతుంది. అంటే ఆ ఒక్క ఎరువుతోనే నత్రజని అవసరానికి ఒకటిన్నర రెట్లు, భాస్వరం నాలుగు రెట్లకు పైగా అందింది. డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం కాబట్టి నాటిన రోజే వేసిన పది గ్రాముల్లో భాస్వరం 4.6 గ్రాములు. పంటకాలమంతటికీ కావలసిన దానికన్నా అదే ఎక్కువ. చెక్క, వేపపిండి, వర్మీకంపోస్టు ఈ లెక్కలో ఇంకా చేరనే లేదు.

ఈ కాగితం చూపించినప్పుడు ఆవిడ వెంటనే అన్న మాట, "రసాయన ఎరువు ఒక్కటే కదండీ, మిగతావన్నీ సేంద్రియమే, అవి హాని చెయ్యవుగా?" ఇది చాలామంది నమ్మకం, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. వేరుకు సేంద్రియమా రసాయనమా అనే తేడా తెలియదు. చెక్కలోని మాంసకృత్తులను సూక్ష్మజీవులు విడగొట్టి మొదట అమ్మోనియంగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. వేరు పీల్చుకునేది ఆ అయాన్లనే, యూరియా నుంచి వచ్చినా చివరికి అవే. సేంద్రియ ఎరువు మట్టి గుల్లదనానికి, సూక్ష్మజీవులకు చేసే మేలు నిజం, దాన్ని నేనెప్పుడూ తగ్గించి చెప్పను. కానీ వర్మీకంపోస్టులో కూడా కరిగే లవణాలు ఉంటాయి. కుండీ మిశ్రమంలో అది పాతిక శాతం దాకా ఉంటే మొక్క హాయిగా పెరుగుతుంది, సగానికి దగ్గరపడితే లేత వేళ్లకు ఇబ్బంది.

కారణం వెతికిన తీరు

ఎక్కువ ఎరువు పడింది అన్నంత మాత్రాన జబ్బు అదే అని తేల్చకూడదు. వేరే కారణాలను ఒక్కొక్కటిగా పక్కన పెట్టాలి.

ముందు ఏ ఆకు పసుపెక్కిందో చూశాను. నత్రజని, మెగ్నీషియం మొక్కలో కదిలే పోషకాలు. కొరత వస్తే మొక్క ముదురాకుల్లోంచి లాగి చిగుళ్లకు పంపుతుంది కాబట్టి కింది ఆకులు ముందు పాలిపోతాయి. ఇనుము, కాల్షియం అలా కదలవు, వాటి కొరత చిగుళ్లలోనే కనిపిస్తుంది. ఇక్కడ చిగుళ్లు ఈనెల మధ్య పసుపు. అంటే మెగ్నీషియం కొరత అనుకుని వేసిన ఎప్సం సాల్ట్ పడాల్సిన చోట పడలేదు. పైగా మెగ్నీషియం, పొటాషియం, అమ్మోనియం ఈ మూడూ వేరు దగ్గర కాల్షియంతో పోటీపడతాయి. అసలే కాల్షియం అందక కాయ కుళ్లుతున్న మొక్కకు అది ఇంకో అడ్డు.

తర్వాత బాగా దెబ్బతిన్న ఒక బీన్స్ మొక్కను, ఒక టమాటాను పెరికించాను. పెరకడానికి ఆవిడ మనసొప్పలేదు, కానీ వేరు చూడకుండా చెప్పే మాట ఊహే అవుతుంది. నులిపురుగుల ముడులు లేవు. కాండం అడ్డంగా కోస్తే లోపలి నాళాలు గోధుమరంగుకు తిరగలేదు కాబట్టి వడలు తెగులు కాదు. అడుగు రంధ్రాలు పూడుకుపోలేదు, కుళ్లు వాసన లేదు. వేరు కొసలు మాత్రం మాడి గోధుమరంగులో ఉన్నాయి, తెల్లటి కొత్త వేరు చాలా తక్కువ. బీన్స్ వేళ్ల మీద నత్రజనిని స్థిరపరిచే బుడిపెలు దాదాపు లేవు. చుట్టూ నత్రజని పుష్కలంగా దొరికినప్పుడు చిక్కుడు జాతి మొక్క ఆ బుడిపెలను పెంచుకోదు. నాకు దొరికిన మొదటి గట్టి ఆధారం అది. బ్యాగుల అంచుల మీద, బట్ట బయటివైపు తెల్లటి ఉప్పు పొర కట్టి ఉండటం రెండోది.

మూడో ఆధారం పంటల వరుస. ఉప్పును తట్టుకునే శక్తి అన్ని పంటలకూ ఒకలా ఉండదు. నీటిలో లవణం పెరిగేకొద్దీ దాని విద్యుత్ వాహకత (ఈసీ) పెరుగుతుంది. నేల సంతృప్త సారంలో, అంటే నీటితో పూర్తిగా తడిపిన మట్టి నుంచి తీసిన నీటిలో కొలిచే ఈసీ లెక్కలో బీన్స్ దిగుబడి మీటరుకు 1.0 డెసీసీమెన్స్ దాటగానే పడిపోవడం మొదలవుతుంది, మిరప 1.5 దగ్గర, టమాటా 2.5 దగ్గర. ఈ మిద్దె మీద అన్నిటికన్నా ముందు పడిపోయింది బీన్స్, తర్వాత మిరప, అన్నిటికన్నా నిలదొక్కుకున్నది టమాటా. తెగులైతే ఈ వరుసే పాటించాల్సిన అవసరం లేదు.

ఇక కొలవడం. బ్యాగుకు బాగా నీళ్లు పెట్టి, గంట ఆగి, పైన మరికొద్దిగా శుద్ధజలం పోస్తే అడుగు నుంచి దిగే మొదటి నీరు వేళ్ల చుట్టూ ఉన్న ద్రావణానికి దగ్గరగా ఉంటుంది. దాన్ని పట్టి ఈసీ మీటరుతో చూశాను. అదే డెసీసీమెన్స్ లెక్కలో టమాటా బ్యాగుల్లో 6 దగ్గర, బీన్స్ బ్యాగులో 7 దాటి చూపింది. పోసే బోరు నీళ్లే 0.9 ఉన్నాయి. ఒక మూల ఎరువేమీ వేయకుండా వదిలేసిన కుండీలో 2 లోపే. ఈ పద్ధతిలో టమాటాకు 2 నుంచి 3.5 మధ్య ఉంటే నాకు చింత ఉండదు. అడుగు నీటి రీడింగును సంతృప్త సారం అంకెలతో నేరుగా పోల్చకూడదు, రెండు కొలతలూ వేరు. ఇంట్లో తాగునీటికి వాడే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల) మీటరైనా పనికొస్తుంది, కాకపోతే కొన్ని మీటర్లు ఈసీని 500తో, కొన్ని 700తో గుణించి చూపిస్తాయి, తమ మీటరు ఏదో చూసుకోవాలి. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 దాటితే క్షారం) 7.8 వచ్చింది.

ఇప్పుడు లక్షణాలన్నీ ఒకదానికొకటి కలిశాయి. వేరు బయట లవణం పెరిగితే నీరు లోపలికి రావడమే కష్టం. కోసిన కూరగాయ ముక్క మీద ఉప్పు చల్లితే లోపలి నీరు బయటికి ఊరినట్టే, తడి మట్టిలో నిలబడి కూడా మొక్క దాహంతో వాడిపోతుంది. కాల్షియం నీటి ప్రవాహంతోపాటే పైకి వెళుతుంది. ఆకులు ఆవిరి విడుస్తాయి కాబట్టి ఎక్కువ నీరు వాటికే పోతుంది. కాయ చాలా తక్కువ ఆవిరి విడుస్తుంది, అందుకే నీరు తగ్గినప్పుడు ముందు నష్టపోయేది కాయ కొస. ఒకసారి ఆకులోకి చేరిన కాల్షియం తిరిగి కాయకు రాదు. ఆకుల మీద చేసిన కాల్షియం పిచికారీ కాయను కాపాడలేకపోయింది అందుకే. గుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేట్, అది ఆమ్లంలో కరుగుతుంది. 7.8 పీహెచ్ ఉన్న మట్టిలో ఆ పొడి అలాగే పడి ఉంది, నేను వేలితో తీసి చూపించాను. చిగుళ్ల పసుపు ఇనుముది. ఇనుము మట్టిలో లేక కాదు. పీహెచ్ ఎక్కువ, నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ, భాస్వరం ఎక్కువ. ఈ మూడూ కలిసి దాన్ని వేరుకు అందనివ్వలేదు.

మొదట చేసినది, ఎందుకు చాలలేదు

ఎరువులన్నీ ఆపాలి అన్నాను. ఆవిడ భయం నాకు అర్థమైంది, అందుకే తోటంతా ఒకేసారి మార్చలేదు. టమాటా బ్యాగులను మూడు గుంపులు చేశాం. ఒక గుంపుకు పాత పద్ధతే. ఒక గుంపుకు ఎరువు ఆపి మామూలుగానే నీళ్లు. మూడో గుంపుకు ఎరువు ఆపి మట్టిని నీటితో కడగడం. తోట ఆవిడ కళ్లముందు చెబితేనే నమ్మకం కుదురుతుంది, నా మాట మీద కాదు. పైగా నా అంచనా తప్పైతే తోటంతా నష్టపోకూడదు.

ఎరువు ఆపిన గుంపు రెండు మూడు వారాలైనా తేరుకోలేదు. ఎండ పెరిగిన రోజుల్లో ఇంకా వాడింది. ఆపడం వల్ల కొత్త లవణం రాదు, ఉన్నది ఎక్కడికీ పోదు. మట్టి ఆరేకొద్దీ ఉన్న నీటిలోనే అది ఇంకా చిక్కబడుతుంది. ఆవిడ ఆ బ్యాగులు చూపించి "చూశారా, తిండి లేక నీరసపడ్డాయి" అన్నారు. మీటరు మాత్రం 6 దగ్గరే ఉంది.

కడిగిన గుంపు కూడా మొదట నిరాశపరిచింది. పైపు పెట్టి ఒక్కసారిగా నీళ్లు వదిలితే అడుగు నుంచి ధారాళంగా కారాయి, అయినా రీడింగు 5 దిగలేదు. బ్యాగు పక్కకు వంచి చూస్తే కారణం దొరికింది. అంచుల దగ్గర ఆరి ముడుచుకున్న కోకోపీట్‌కూ బ్యాగు గోడకూ మధ్య సందు ఏర్పడింది. నీళ్లు ఆ సందులోంచి జారి దిగిపోయాయి, నడుమ ఉన్న వేరు ముద్దను తాకనే లేదు.

పనిచేసిన పద్ధతి

పై మట్టిని అంచుల వెంట వేళ్లతో సర్ది సందులు పూడ్చాం. ముందురోజు సాయంత్రం కొద్దిగా తడిపి వదిలేశాం, కోకోపీట్ మళ్లీ ఉబ్బడానికి. మర్నాడు పొద్దున బ్యాగు పరిమాణానికి రెండింతల నీళ్లు, అంటే 20 లీటర్ల బ్యాగుకు 40 లీటర్లు, విడతలు విడతలుగా పోశాం. ఒక్కో విడత మధ్య ఇరవై నిమిషాల ఆగుడు. ఆగడం ఎందుకంటే మట్టి కణాల లోపల ఇరుక్కున్న లవణం నీటిలోకి రావడానికి సమయం పడుతుంది. చివరి విడత మాత్రం పట్టి ఉంచిన వాన నీళ్లతో. అడుగు నీటి రీడింగు 2కి కాస్త పైన నిలిచింది.

స్లాబు చెమ్మ సంగతి తేల్చకపోతే ఈ పద్ధతి ఒక్కరోజు ముచ్చటే అవుతుంది. పళ్లేలు తీసేసి బ్యాగులను ఇటుకల మీదికి ఎక్కించాం. కింద వాలుగా రేకు పెట్టి కారిన నీరు నేరుగా గొట్టంలోకి వెళ్లేలా చేశాం. కారిన నీటిని పారబోయడం ఆవిడకు ఇష్టం లేదు, అందులో పోషకాలు ఉన్న మాట కూడా నిజమే. కింద నేలలో ఉన్న పెద్ద చెట్లకు మూడింతల మంచినీళ్లు కలిపి, చోటు మారుస్తూ పోయమన్నాను. మళ్లీ కుండీలకు మాత్రం వద్దన్నాను.

కడిగిన పది రోజులకు కింది ఆకులు ఈనెలతో సహా సమానంగా పాలిపోవడం మొదలైంది. ఈసారి అది నిజమైన ఆకలి. నైట్రేటు నీటితో కొట్టుకుపోతుంది, కుండీలో ఇది తప్పదు. ఎరువు హాని చేసిందని చెప్పిన నేనే ఎరువు వెయ్యమన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయారు. ఏది, ఎంత అన్నదే ఇక్కడ అసలు నిర్ణయం. కాల్షియం నైట్రేటు, లీటరుకు ఒక గ్రాము, వారానికోసారి. అదే ఎందుకంటే, అందులో నత్రజని 15.5 శాతం, దాదాపు అంతా నైట్రేటు రూపంలో ఉంటుంది, కాల్షియంతో పోటీపడదు. పైగా కాల్షియం 19 శాతం దాకా ఉంటుంది, నీటిలో వెంటనే కరుగుతుంది. 19-19-19లో నత్రజని ఎక్కువ భాగం యూరియా, అమ్మోనియం రూపాల్లో ఉంటుంది, పులిసిన చెక్క నీళ్లలోనూ అమ్మోనియమే ఎక్కువ. భాస్వరం ఏ రూపంలోనూ వద్దన్నాను, మట్టిలో ఉన్నదే చాలా పంటలకు సరిపోతుంది. కాయ ఊరే దశలో సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరుకు అర గ్రాము, కాల్షియం నైట్రేటుతో కలపకుండా వేరే రోజు. చిక్కటి ద్రావణాల్లో కాల్షియం నైట్రేటును సల్ఫేటుతోగానీ ఫాస్ఫేటుతోగానీ కలిపితే తెల్లగా విరిగి అడుగుకు చేరుతుంది, రెండూ మొక్కకు అందవు. ఎప్సం సాల్ట్ డబ్బా ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ మాట తప్పకుండా చెబుతాను.

నీళ్లు పెట్టే తీరు కూడా మారింది. రోజుకు నాలుగుసార్లు మగ్గుడు బదులు, పొద్దున ఒకసారి, పోసినదాంట్లో పదో వంతుకు కాస్త పైన అడుగు నుంచి దిగేదాకా. ఎండ మండే రోజుల్లో సాయంత్రం ఇంకోసారి. బ్యాగు అంచు పట్టి కొంచెం ఎత్తి చూస్తే బరువును బట్టి తడి తెలుస్తుంది, పై మట్టి రంగు కన్నా అది నమ్మదగిన గుర్తు. పైన ఎండుటాకులు పరిచాం. కాయ అడుగు కుళ్లుకు ఎరువు కన్నా ఈ నిలకడైన తడే పెద్ద మందు అని నా అనుభవం.

అప్పటికే మచ్చపడ్డ కాయలు బాగుపడవు, వాటిని కోసెయ్యమన్నాను. కాయ పట్టిన మొదటి రెండు మూడు వారాల్లోనే కాల్షియం అవసరం ఎక్కువ కాబట్టి ఫలితం చూడాల్సింది కడిగిన తర్వాత పిందె కట్టిన గుత్తుల్లో. ఆ గుత్తుల్లో కుళ్లు దాదాపు కనిపించలేదు. పాత పద్ధతిలో ఉంచిన గుంపులో అదే సమయానికి పిందెకట్టిన కాయల్లో సగం దాకా పోయాయి. ఆ పక్కపక్క బ్యాగులు చూశాక మిగిలిన రెండు గుంపులనూ ఆవిడే స్వయంగా కడిగారు, నన్ను పిలవకుండానే. మిరప పూత నిలవడానికి ఇంకొంత కాలం పట్టింది. రాత్రి వేడి తగ్గేదాకా అది పూర్తిగా ఆగలేదు కాబట్టి ఆ మెరుగుదల అంతా కడగడం వల్లే అని చెప్పలేను. బీన్స్‌ను పాత మట్టిలో కాకుండా, వర్మీకంపోస్టు ఐదో వంతు మాత్రమే ఉన్న కొత్త మిశ్రమంలో మళ్లీ విత్తాం, ఎరువేమీ లేకుండా. పంట అయ్యాక పెరికితే వేళ్ల నిండా బుడిపెలు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

కుండీ తోట సమస్యతో ఎవరు వచ్చినా మొదట అడిగేది ఏం వేస్తున్నారని కాదు, నీళ్లు ఎటు పోతున్నాయని. పళ్లెం ఉందా, అడుగు నుంచి ఎప్పుడైనా కారుతుందా, కారిన నీరు ఏం చేస్తున్నారు అని అడుగుతాను. నేలలో పెంచేవారికి వాన వచ్చి లవణాన్ని కిందికి తోసేస్తుంది, బంకమట్టి, సేంద్రియ పదార్థం కొంత పట్టి ఉంచుతాయి. 20 లీటర్ల బ్యాగులో తప్పు సర్దుకోవడానికి చోటు లేదు.

తోటలో ఒక కుండీనైనా ఎరువు వేయకుండా ఉంచమంటాను. ఈ కేసులో మూలనున్న ఆ కుండీ లేకపోతే 6 అన్న అంకె ఎక్కువో తక్కువో ఆవిడకు అర్థమయ్యేది కాదు.

పోషకాలను ఒకటొకటిగా కాకుండా కూడి చూడమంటాను. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ స్ప్రెంగెల్ చెప్పి, రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన కనిష్ఠ నియమం ఇంటి తోటలకూ వర్తిస్తుంది. ఎదుగుదలను ఆపేది అన్నిటికన్నా తక్కువగా ఉన్న అంశమే, మిగతావి ఎంత పెంచినా లాభం లేదు. ఈ మిద్దె మీద తక్కువైనది ఏ పోషకమూ కాదు. వేరులోకి వెళ్లే నీరు. అది తెలిసే వరకూ వేసిన ప్రతి గుప్పెడూ ఆ నీటిని ఇంకా తగ్గించింది.

దీన్ని చదివి ఎరువులు మానేయమని నేను చెబుతున్నానని ఎవరూ అనుకోకూడదు. అడుగు నుంచి సరిగా కారే కుండీలో, మొదటి పంట కోకోపీట్‌లో, ఆకు సమానంగా పాలిపోతుంటే అది ఆకలే, పెట్టాల్సిందే. అలాంటి తోటలు కూడా చూశాను, భయంతో ఏమీ వేయక మొక్కలను మాడ్చినవి. డబ్బా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టి ఆకును, మీటరును చూసుకుంటూ పెంచమనడం నా పద్ధతి.

నిమ్మ చెట్టు ఒక్కటి ఇంకా పూర్తిగా తేరుకోలేదు. కడగడంతో లవణం దిగింది, అంచుల మాడు ఆగింది, కొత్త వేరు కనిపిస్తోంది. కానీ చిగుళ్ల పసుపు పోలేదు. నైట్రేటు, క్లోరైడు లాగా భాస్వరం నీటితో సులువుగా కొట్టుకుపోదు, కాల్షియంతో ముడిపడి డ్రమ్ములోనే ఉండిపోతుంది. ఆవిడ తెచ్చి పెట్టుకున్న ఇనుము ఎరువు ఈడీటీఏ (ఇనుమును కరిగి ఉండేలా పట్టి ఉంచే పదార్థం) రకం, పీహెచ్ ఆరున్నర దాటితే అది ఇనుమును పట్టి ఉంచలేదు. దాన్ని పక్కన పెట్టించి అలాంటిదే మరో పదార్థమైన ఈడీడీహెచ్ఏ రకం ఇప్పించాను, అది ఎక్కువ పీహెచ్‌లోనూ పనిచేస్తుంది. కొత్త చిగుళ్లు కొంచెం పచ్చబడ్డాయి, కానీ అది మందు ఉన్నంతవరకే. వచ్చే చల్లని కాలంలో డ్రమ్ము అంచుల వెంట మూడో వంతు పాత మట్టి తవ్వి తీసి, భాస్వరం తక్కువ ఉన్న కొత్త మిశ్రమం నింపబోతున్నాం. అప్పటిదాకా ఆ చెట్టుకు వాన నీళ్లు, నైట్రేటు, ఇనుము మాత్రమే. నెలకోసారి అడుగు నీటి రీడింగు ఆవిడే తీసి నోటుపుస్తకంలో రాస్తున్నారు.